హాస్య చౌర్యం

పరుల పద్యాన్ని తనదిగా చెప్పుకొనేవాడిని కుకవి అని నిందించడం మన వాఙ్మయంలో పాత సంగతే. 10వ శతాబ్ది నాటి రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణానికే కొన్ని అధ్యాయాలు కేటాయించాడు. పరుల భావాన్నే మాటలు మార్చి చెప్పడానికి ఆయన పెట్టిన పేరు ప్రతిబింబకల్పం. అమెరికా హాస్యగాళ్ళ తగవులను గూర్చి చదువుతుంటే ఆ మాటే పదేపదే స్ఫురించింది.

ముందుగా ఒక పాత ముచ్చట. 1738లో మరణించిన జో మిల్లర్ అనే నటుడి పేరిట మరుసటి ఏడే లండన్‌లో ఒక హాస్యోక్తుల సంకలనం వెలువడింది. కూర్చినవాడు జాన్ మాట్లీ. అందులో మిల్లర్ చెప్పినవి బహు స్వల్పం. అయినా ఆంగ్లంలో పాచిపోయిన ఛలోక్తికి 'జో మిల్లర్' అన్న పేరే స్థిరపడింది. మన తెనాలి రామకృష్ణుడి గతీ ఇంతే కదా! ఎవరి చమత్కారమైనా ఆయన ఖాతాలోకే.

అమెరికాలో వాడ్‌విల్ ప్రదర్శనలు వర్ధిల్లిన కాలంలో హాస్యోక్తి ఊరుమ్మడి చెరువు వంటిది. అత్తగారి మీద వేసిన ఛలోక్తి ఎవరి నోటనైనా ఇముడుతుంది. 1948లో టెలివిజన్‌లో వెలిగిన మిల్టన్ బెర్ల్‌కు హాస్యచోరుడన్న బిరుదు అంతకు ముందే ఉంది. ఆయన దానినీ హాస్యవస్తువుగా చేసుకొన్నాడు!

1950ల నుండి పద్ధతి మారింది. మార్ట్ సాల్, లెన్నీ బ్రూస్ వంటివారు తమ అభిప్రాయాలను, తమ బ్రతుకును వేదిక మీద చెప్పసాగారు. అప్పటినుండి చౌర్యమంటే మనిషి గొంతునే అపహరించడం. ఆపైన మరొక అన్యాయం. చోరుడు ముందుగా టెలివిజన్‌లో చెప్పేస్తే, తరువాత చిన్న వేదిక మీద దానిని చెప్పిన అసలు కర్తనే జనం దొంగ అనుకొంటారు.

న్యాయస్థానానికి పోవచ్చును గదా అని చదువరులు అడుగవచ్చు. గ్రంథస్వామ్య చట్టం కాపాడేది మాటల కూర్పునే గాని భావాన్ని కాదు. పైగా వ్యాజ్యపు ఖర్చు ఛలోక్తి వెలకు ఎన్నో రెట్లు. అందుచేత హాస్యగాళ్ళు కులకట్టుబాటు వంటి దానిని ఏర్పరచుకొన్నారని ఓలియార్, స్ప్రిగ్‌మన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యులు 2008లో వివరించారు. మొదట నిలదీయడం, తరువాత నలుగురిలో అపకీర్తి, చివరకు అతనితో ఒకే వేదిక ఎక్కకపోవడం. 2007లో లాస్ ఏంజెలెస్‌లోని కామెడీ స్టోర్ వేదిక మీద జో రోగన్ కార్లోస్ మెన్సియాను చోరుడని ముఖాముఖి నిందించాడు. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది. తమాషా ఏమంటే, ఆ వేదిక నుండి కొంతకాలం వెలి అయినది నిందించినవాడే.

నేనూ నిర్దోషిని కాను. మా గురువుగారు సంధులు బోధిస్తూ విసిరిన చమత్కారాలను ముప్పయ్యేళ్ళు నా తరగతిలో నావిగానే చెలామణి చేశాను. పిల్లలు నవ్వుతున్నప్పుడు ఆయన పేరు చెప్పాలని ఒక్కనాడూ తోచలేదు.

అరుదుగా ఒక తగవు కోర్టుకెక్కింది. తాను అంతర్జాలంలో వ్రాసిన ఛలోక్తులు కానన్ ఓబ్రయన్ కార్యక్రమంలో వినబడ్డాయని అలెక్స్ కేస్‌బర్గ్ అనే రచయిత 2015లో దావా వేశాడు. వార్త ఒకటే అయినప్పుడు ఇద్దరికీ ఒకే చమత్కారం తోచవచ్చునని ఓబ్రయన్ పక్షం వాదం. ఇటువంటి ఛలోక్తికి రక్షణ పలుచన అనీ, రెండూ దాదాపు ఏకరూపమైతేనే దోషమనీ 2017లో న్యాయమూర్తి తేల్చారు. అంటే ప్రతిబింబకల్పం కూడా చాలావరకు తప్పించుకొంటుందన్నమాట! 2019లో విచారణకు ముందే ఉభయులూ రాజీపడ్డారు. ఆ ఛలోక్తులు ఎవరివో తీర్పు రానేలేదు.