చిరిగిన నోటు

అరకులోయ సంతలో చింతపండు అమ్ముకొనిన ఒక వృద్ధురాలు, తన చేతికి వచ్చిన నూరు రూపాయల నోటును ఎండకెత్తి చాలసేపు పరీక్షించుట మేమొకమారు చూచితిమి. నోటు నడుమ చిరిగి, గంజితో అతికింపబడియున్నది. ఇచ్చిన షావుకారు అప్పటికే జనములో కలిసిపోయెను. అట్టి నోటును ఉప్పు అమ్మువాడు పుచ్చుకొనడు. పుచ్చుకొన్నను వట్టము తీయును. ఆ వట్టము ఆమెకు ఒక పూట గింజలు.

రూపాయి నాణెములను దండగ్రుచ్చి మెడలో ధరించుట ఈ కొండలలోని స్త్రీలకు పరిపాటి. వెండి వానకు నానదు, చెదలు తినదు. కాగితమును వారు శంకించిరన్న, అది అజ్ఞానమని మేమనజాలము.

మన దేశమున ప్రభుత్వపు నోట్లు 1861 నాటి చట్టముతో ఆరంభమైనవి. దేశమును మండలములుగా విభజించి, ఏ మండలపు నోటు ఆ మండలముననే చెల్లునట్లు ఆనాడు ఏర్పరచిరి. దొంగల భయముచే వర్తకులు నోటును రెండుగా కోసి, ఒక సగమును ముందు తపాలలో పంపి, అది చేరినదని జాబు వచ్చిన పిదపనే రెండవ సగమును పంపెడివారు. కావలెనని కోసిన నోటును ఈనాటి బ్యాంకు నిరాకరించును! మొదటి ప్రపంచయుద్ధమున వెండికి కఱవు వచ్చి, 1917లో రూపాయికే నోటు వెలువడినది.

నైజాము రాజ్యము 1918 నుండి సొంత నోట్లు వేసికొనినది. వానిపై ఉర్దూతోపాటు తెలుగును ఉండెను. ఇంగ్లండులో అచ్చయిన ఆ నోట్లను తెచ్చుచున్న 'ఈజిప్టు' అను ఓడ 1922 మే 20న ఫ్రాన్సు తీరము చేరువ, పొగమంచులో మఱియొక ఓడ తగిలి మునిగిపోయెను. సుమారు పదేండ్లకు ఇటలీవారు అందలి బంగారమును వెలికితీయగా, నోట్లును పైకి వచ్చినవి. సంతకములు పడనివగుటచే అవి ద్రవ్యము కాలేదు. సేకరణకర్తలకు మాత్రము అపురూపములైనవి.

రిజర్వు బ్యాంకు 2009లో చేసి, 2018లో సవరించిన నిబంధనల ప్రకారము, 20 రూపాయల వఱకు గల నోటులో అతిపెద్ద ముక్క సగమునకు మించియున్నచో పూర్తి విలువ వచ్చును. 50, ఆపైని నోట్లకు నూటికి 80 వంతులు మించవలెను. 40 నుండి 80 వఱకైన సగమే, 40కి తక్కువైన ఏమియు రాదు. ఒకే నోటు రెండు ముక్కలై, ఒక్కొక్కటి 40కి తగ్గనిచో పూర్తి విలువ కలదు. కనుక అతుకువారు అంకెలు కప్పకుండ అతుకుట మేలు. మిక్కిలి కాలినవి, విడదీయరాక అంటుకొనినవి మాత్రము రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయమునకే పోవలెను.

జపానులో మూడింట రెండు వంతులు మిగిలిన పూర్తి విలువ, ఐదింట రెండు వంతులైన సగము. ఆస్ట్రేలియావారు 1988లో ప్లాస్టిక్ నోటు తెచ్చి చిరుగుల బెడదనే తగ్గించుకొనిరి. అమెరికా నోట్లన్నియు ఒకే కొలత. మన 10 రూపాయల నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, 500ది 150. చదువురాని చేతికి ఇదియే సుకరము. మన నోటు వెనుక పట్టికలో 15 భాషలున్నవి, తెలుగు చివరినుండి రెండవది. ఈ కొండలలో వినవచ్చు కువి అందు లేదు.

ఏ బ్యాంకు శాఖయైనను ఆ నోటును మార్చియిచ్చునని మేము ఆ వృద్ధురాలికి చెప్పితిమి. ఆమె నోటు మడిచి కొంగున ముడివేసికొనుచు, "బేంకుబాబు సంతకి వస్తాడేటి బాబూ?" అని అడిగెను.