వెండి చుక్కల తీగ

విజయవాడ ఇండ్ల వసారాలలో కుండీనుండి వ్రేలాడు వెండి చుక్కల తీగను మనీప్లాంటులో ఒక రకమని పలువురు తలతురు. ఈ పొరపాటుకు చరిత్ర కలదు.

సామర్లకోటలో పెక్కేండ్లు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు, వైద్యమునకు వాడు గజపిప్పలిని 'పోథాస్' ప్రజాతిలో చేర్చి వర్ణించెను. ఆ వర్ణన ఆయన మరణానంతరము 1820లో అచ్చయ్యెను. 1832లో షాట్ దానిని వేరుచేసి 'సిండాప్సస్' ప్రజాతిని నెలకొల్పెను. 1842లో హాస్కార్ల్ జావాలోని వెండి చుక్కల తీగను అందే చేర్చి 'పిక్టస్', అనగా చిత్రితము, అని పేరిడెను.

ఒకప్పుడు మనీప్లాంటును కూడ అందే చేర్చిరి. 1964లో బంటింగ్ దానిని 'ఎపిప్రెమ్నమ్'లోనికి మార్చెను. సిండాప్సస్ అండాశయములో అండమొక్కటే, ఎపిప్రెమ్నమ్‌లో పెక్కు. కావున మన కుండీలోని తీగ గజపిప్పలికే సజాతి. ఆకుల పోలికను బట్టి మొక్కల చుట్టరికము నిర్ణయింపరాదు.