తొమ్మిది పాఠాల క్యారల్ ఆరాధన

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో ఏటా డిసెంబరు 24 మధ్యాహ్నం 3 గంటలకు జరిగే క్రిస్మస్ ఆరాధన ఇది. బైబిలు నుంచి తొమ్మిది పాఠాలు చదువుతారు, వాటి నడుమ క్యారల్స్, కీర్తనలు పాడతారు. 1918లో మొదలైంది. 1928 నుంచి బీబీసీ రేడియో దీన్ని ప్రసారం చేస్తోంది. ఒక్క 1930లోనే ఆ ప్రసారం తప్పింది.

ఈ ఆరాధన క్రమం అంతకు ముందే ఉంది. 1880 క్రిస్మస్ ముందు రాత్రి, కార్న్‌వాల్ ప్రాంతపు ట్రూరోలో బిషప్ ఎడ్వర్డ్ వైట్ బెన్సన్ దీన్ని జరిపించాడు. అప్పటికి కేథడ్రల్ ఇంకా కడుతున్నారు. ఆరాధనకు తాత్కాలికంగా వేసిన చెక్క కట్టడమే దిక్కు. ఆ ఆరాధన క్రమాన్ని కేంబ్రిడ్జ్‌కు తెచ్చినవాడు ఎరిక్ మిల్నర్-వైట్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మధ్య పాదిరిగా పనిచేసి వచ్చి, 34 ఏళ్లకే కాలేజీ డీన్ అయ్యాడు. అక్కడి తొలి ఆరాధన నాటికి యుద్ధం ఆగి ఆరు వారాలే. కాలేజీ నుంచి వెళ్లినవారిలో ఎందరో తిరిగి రాలేదు. ఆయన రాసిన ప్రారంభ ప్రార్థన పేదలనూ, ఆకలిగొన్నవారినీ, చలికి వణికేవారినీ తలచుకుంటుంది, గతించినవారు మరో తీరాన మనతో కలిసి ఆనందిస్తున్నారని చెబుతుంది. పండుగ ఆరాధనకు ఇంత దుఃఖం పునాదిగా ఉండడమే దాని బలం.

పాఠాలు ఆదికాండములో ఆదాము పతనంతో మొదలై యోహాను సువార్త తొలి అధ్యాయంతో ముగుస్తాయి. మొదటిది గాయక బృందంలోని ఒక బాలుడు చదువుతాడు, చివరిది కాలేజీ అధిపతి ప్రోవోస్ట్.

అయితే శ్రోతలు ఎదురుచూసేది ఆరంభం కోసమే. 1919 నుంచి ప్రతిసారీ ‘వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ’తోనే ఆరాధన మొదలవుతుంది. సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ పిల్లల కోసం రాసిన పాట అది. వరుస హెన్రీ గాంట్‌లెట్‌ది. మొదటి చరణం ఒక్క బాలుడే, ఏ వాద్యమూ తోడు లేకుండా పాడతాడు. బృందానికి సంగీత దర్శకుడిగా ఉన్న స్టీఫెన్ క్లియోబరీ కాలంలో ఆ బాలుడు ఎవరన్నది చివరి క్షణం దాకా ఎవరికీ తెలిసేది కాదు. పలువురిని సిద్ధం చేసి, ప్రసారం మొదలయ్యే వేళకు ఒకరి వైపు చెయ్యి చూపేవాడు. భయపడడానికి ఆ పిల్లవాడికి వ్యవధే ఉండేది కాదు. రెండో చరణానికి బృందం కలుస్తుంది, ఆ తర్వాత ఆర్గాన్, సభికులు. 1515 నాటికి పూర్తయిన రాతి పైకప్పు కింద ఒక్కో స్వరమూ కాసేపు నిలిచి మెల్లగా కరుగుతుంది. రేడియోలో ఆ మందిరం కంటికి కనబడదు, చెవికి మాత్రం పూర్తిగా అందుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ప్రసారం ఆగలేదు. బాంబుల భయంతో రంగు అద్దాల కిటికీలను ఊడదీసి దాచారు, లోపల వెచ్చదనం లేదు. శత్రువుకు ఆచూకీ దొరకకుండా రేడియోలో ప్రార్థనాలయం పేరే చెప్పలేదు.

1930ల తొలినాళ్ల నుంచే విదేశీ ప్రసారాలలోనూ ఇది వినబడుతోంది. కేంబ్రిడ్జ్‌లో మధ్యాహ్నం 3 అంటే తెలుగునాట రాత్రి 8:30.

పాత పాటలతోనే సరిపెట్టుకోకుండా 1983 నుంచి క్లియోబరీ ఏటా ఒక స్వరకర్త చేత కొత్త క్యారల్ రాయించాడు. జాన్ రట్టర్ ‘వాట్ స్వీటర్ మ్యూజిక్’ (1987), ఎస్తోనియాకు చెందిన ఆర్వో పార్ట్ ‘బొగొరోదిత్సె ద్యేవొ’ (1990) అలా పుట్టినవే. పార్ట్ పాట చర్చి స్లావోనిక్ భాషలో ఉన్న మరియ స్తుతి. ఒక నిమిషం పైచిలుకు మాత్రమే సాగుతుంది. ఇంగ్లిషు చర్చి ఆరాధనలోకి తూర్పు సంఘాల ప్రార్థనను అంత తేలికగా కలుపుకోవడం ఈ సంప్రదాయపు ఉదారత. 2019లో క్లియోబరీ తర్వాత బాధ్యత తీసుకున్న డేనియల్ హైడ్ కాలంలోనూ ఈ వాడుక సాగుతోంది. మరుసటి ఏడాదే కోవిడ్ వచ్చింది. సభికులు లేని మందిరంలో పాడి, ముందే రికార్డు చేసిన ఆరాధననే 2020లో ప్రసారం చేశారు.