పాత కార్లలో జ్వలన లోపాల నిర్ధారణ

పాత కార్లలో జ్వలన లోపాల నిర్ధారణ అనగా, పునరుద్ధరించిన పాత పెట్రోలు కారులో స్పార్కు ప్లగ్గుల వద్ద నిప్పురవ్వ సరైన సమయంలో, తగిన బలంతో పుట్టకపోవడానికి గల కారణాన్ని వరుస పరీక్షల ద్వారా కనుగొనే పద్ధతి. ఎలక్ట్రానిక్ జ్వలన వ్యవస్థలు వ్యాపించక ముందు తయారైన కార్లలో అత్యధిక భాగం కాంటాక్ట్ పాయింట్లతో పనిచేసేవి. భారతదేశంలో హిందుస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇందుకు ఉదాహరణలు. ఈ వ్యాసంలోని పాయింట్ల, ప్లగ్గుల కొలతలు అంబాసిడర్‌లో వాడిన 1489 సీసీ బి.ఎం.సి. బి-సిరీస్ పెట్రోలు ఇంజనుకు, లూకాస్ డిస్ట్రిబ్యూటరుకు చెందినవి.

చరిత్ర

బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో కూడిన ఈ వ్యవస్థను అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. ఆయన 1909లో డెల్కో సంస్థను స్థాపించాడు. 1910 నమూనా కాడిలాక్ కార్లలో ఈ వ్యవస్థను అమర్చారు. 1970ల నుండి ఎలక్ట్రానిక్ జ్వలన దీని స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారా కర్మాగారంలో నిలిచిపోయింది.

పనిచేసే విధానం

బ్యాటరీ నుండి కరెంటు స్విచ్చి ద్వారా కాయిల్ ప్రాథమిక చుట్టలోకి, అక్కడి నుండి పాయింట్ల గుండా ఎర్తుకు చేరుతుంది. పాయింట్లు విడివడగానే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోయి, ద్వితీయ చుట్టలో వేల వోల్టుల విద్యుత్పీడనం పుడుతుంది. పాయింట్ల మధ్య మెరుపు రాకుండా, క్షేత్రం వేగంగా కూలేలా కండెన్సర్ తోడ్పడుతుంది. డిస్ట్రిబ్యూటరులోని రోటర్ ఆ విద్యుత్తును 1-3-4-2 వరుసలో ప్లగ్గులకు పంచుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 నిప్పురవ్వలు అవసరమవుతాయి. అందువల్ల మెల్లగా తిరిగేటప్పుడు కనబడని లోపం వేగంలో మిస్సింగ్‌గా బయటపడుతుంది.

పరీక్షల క్రమం

పరీక్ష బ్యాటరీ వద్ద మొదలై ప్లగ్గు వద్ద ముగియాలి.

1. బ్యాటరీ: స్టార్టరు తిప్పుతున్నప్పుడు విద్యుత్పీడనం సుమారు 9.5 వోల్టులకు తగ్గకూడదు.

2. కాయిల్‌కు కరెంటు: స్విచ్చి వేసి, కాయిల్‌పై స్విచ్చి వైపు కొనను (పాత లూకాస్ కాయిళ్ళపై ఎస్.డబ్ల్యు. అని ఉంటుంది) చిన్న 12 వోల్టుల బల్బుతో పరీక్షించాలి. వెలగకపోతే లోపం స్విచ్చిలోనో, తీగలలోనో ఉన్నట్లు.

3. పాయింట్లు: అదే బల్బును కాయిల్ రెండవ కొనకు (సి.బి.), ఎర్తుకు మధ్య కలిపి ఇంజనును తిప్పాలి. బల్బు వెలిగి ఆరుతూ ఉంటే ప్రాథమిక వలయం పనిచేస్తున్నది. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, వాటిపై మురికి పట్టింది, లేదా డిస్ట్రిబ్యూటరు పలక ఎర్తు తీగ తెగింది. అసలు వెలగకపోతే కాయిల్ చుట్ట తెగి ఉండవచ్చు, లేదా కండెన్సరో, పాయింట్లకు వెళ్ళే తీగో ఎర్తుకు తగులుతూ ఉండవచ్చు.

4. కాయిల్: మధ్య తీగ కొనను ఇంజను లోహానికి సుమారు 6 మి.మీ. దూరంలో ఉంచి తిప్పితే నీలిరంగు నిప్పురవ్వ రావాలి.

5. రోటర్, మూత, తీగలు: కాయిల్ వద్ద నిప్పురవ్వ ఉండి ప్లగ్గు వద్ద లేకపోతే, మూతలోని పగుళ్ళను, తేమను, రోటర్‌ను, తీగలను చూడాలి.

6. ఎడము, సమయం: పాయింట్ల ఎడము 0.36–0.41 మి.మీ., ప్లగ్గుల ఎడము 0.64 మి.మీ. ఉండాలి. పాయింట్ల ఎడము పెరిగితే జ్వలన ముందుకు, తగ్గితే వెనుకకు జరుగుతుంది. కనుక ఎడము సరిచేసిన తరువాతే సమయాన్ని సరిచేయాలి.

పునరుద్ధరించిన కార్లలో ప్రత్యేక లోపాలు

* కొత్త రంగు: ఎర్తు తీగ బిగించే చోట రంగు పూస్తే కరెంటు ప్రవహించదు. ఆ చోట లోహం కనబడేలా గీకాలి.
* పొసగని కాయిల్: బల్లాస్టు నిరోధం లేని 12 వోల్టుల కాయిల్ ప్రాథమిక నిరోధం సుమారు 3 ఓములు. బల్లాస్టుతో వాడవలసిన 1.5 ఓముల కాయిల్‌ను నేరుగా కలిపితే కరెంటు రెట్టింపై, కాయిల్ వేడెక్కి పాయింట్లు కాలిపోతాయి.
* ధ్రువత: 1960ల వరకు అనేక బ్రిటిష్ కార్లలో ధన కొనను ఎర్తు చేసేవారు. ఎర్తును ఋణానికి మార్చినపుడు కాయిల్ తీగలను కూడా తారుమారు చేయాలి. లేకుంటే నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టులు కావలసి వస్తుంది.
* నిలువ ఉన్న పాయింట్లు: ఏళ్ళ తరబడి కదలని కారులో పాయింట్లపై పొర ఏర్పడుతుంది. సన్నని గరుకు కాగితంతో శుభ్రపరచాలి.
* తారుమారైన అమరిక: డిస్ట్రిబ్యూటరు నడిపే ఇరుసును 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే నిప్పురవ్వ బాగున్నా ఇంజను నడవదు.
* కొత్త విడిభాగాలు: కొత్త కండెన్సర్, రోటర్ కూడా లోపభూయిష్టంగా ఉండవచ్చు. పాయింట్లు త్వరగా కాలిపోవడం, వేడెక్కాక ఇంజను ఆగి చల్లబడ్డాక మళ్ళీ నడవడం కండెన్సర్ లేదా కాయిల్ లోపాన్ని సూచిస్తాయి.

ఈ లక్షణాలలో కొన్ని కార్బ్యురేటర్ లోపాలను పోలి ఉంటాయి. అందువల్ల నిప్పురవ్వను పరీక్షించకుండా కార్బ్యురేటర్‌ను విప్పడం తగదు. ఒక్కసారి ఒక్క భాగాన్నే మార్చి పరీక్షించాలి. అన్నిటినీ కలిపి మారిస్తే అసలు కారణం తెలియదు, పనిచేస్తున్న పాత భాగం కూడా పోతుంది.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వను పరీక్షించరాదు. నడుస్తున్న ఇంజనులో అధిక వోల్టుల తీగలను చేతితో ముట్టరాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దూరంగా ఉండాలి. ఇంజను ఆగి ఉండగా స్విచ్చిని ఎక్కువసేపు వేసి ఉంచితే, పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో కాయిల్ చెడిపోతుంది.

ఇవి కూడా చూడండి

* స్పార్కు ప్లగ్గు
* కార్బ్యురేటర్
* హిందుస్తాన్ అంబాసిడర్