మధుమేహ ఉపశమనం

మందులు మానేసి కనీసం 3 నెలలైన తర్వాత కూడా, రెండో రకం మధుమేహంలో రక్తంలోని సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపే నిలవడాన్ని మధుమేహ ఉపశమనం అంటారు. కాలేయం, క్లోమాల్లో పేరుకున్న కొవ్వు కరగడమే దీనికి మూలం. 2017లో వెలువడిన బ్రిటన్ డైరెక్ట్ అధ్యయనంలో రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో ఏడాది నాటికి 46 శాతం మంది ఈ స్థితికి చేరారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం. అంటే తక్కువ కేలరీల ఆహారంలాగే ఉపవాసమూ ఒక మార్గమే. ఫలితాన్ని తేల్చేది తగ్గిన బరువు. సన్నగా ఉన్నవారికి ఇది పనికిరాదన్న అభ్యంతరానికి రీట్యూన్ అధ్యయనం జవాబిచ్చింది: స్థూలకాయం లేని 20 మందిలో 14 మందికి ఉపశమనం దక్కింది. బరువు తిరిగి పెరిగితే చక్కెరా తిరగబెడుతుంది. అన్నం మాని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చోడి అనే రాగి అంబలి తాగినంత మాత్రాన చాలదు. అదీ పిండిపదార్థమే, కొలత తప్పదు. కిడ్నీ వ్యాధి విస్తరించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట వంటి మండలాల్లో, నీళ్లు సైతం మానే కటిక ఉపవాసం ప్రమాదకరం. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, వైద్య పర్యవేక్షణ ముందుండాలి. ఇన్సులిన్ వాడేవారికి మోతాదు తగ్గించకుండా పస్తుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.