పోరంబోకు: ఒక మాట చెడిన కథ

ఎవరినైనా పనికిమాలినవాడని నిందించవలసివస్తే మనవాళ్లు “పోరంబోకు” అంటారు. ఈ మాట పుట్టుకలో తిట్టు లేదు. ఇది తమిళం నుండి మనకు వచ్చిన రెవిన్యూ పదం. పుఱం అంటే వెలుపల. పన్ను లెక్కకు వెలుపల ఉన్న నేల అని దీని భావం. చెరువు, కుంట, వంక, మందబయలు, శ్మశానం, బండిబాట: ఇవి ఊరందరివీ కనుక ఏ ఒక్కరి పేరా పట్టా లేనివి. లెక్కకు రాని ఆ నేల మీదనే అనంతపురం వంటి కరవుసీమలో ఊరి బ్రతుకు నిలిచింది.

ఈ సీమలో ఏటి వానపాటు సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా కొద్ది దినాలలోనే కుండపోతగా కురిసి పోతుంది. అందుచేత ఇక్కడ ఊరు కట్టదలచినవారు ముందుగా చూసినది ఇంటిస్థలం కాదు, నీటిదారి. అనంతపురమే ఇందుకు తార్కాణం. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేసి చెరువు నిర్మించాడనీ, ఆ కట్ట రెండు కొసలలో బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే ఊళ్లు వెలిశాయనీ చరిత్రకారులు చెబుతారు. చెరువు ముందు, ఊరు తరువాత. చెరువుకు పెట్టిన పేరే ఊరిపేరు కూడా అయింది.

మరి ఐదేళ్లకు, 1369లో, కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు వద్ద వెలసిన శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఎంచి చెప్పింది. గట్టి నేల, లోతైన గర్భం, జలశాస్త్రం తెలిసిన పండితుడు అంగాలలోనివి. చవిటినేల, ఊటకారే కట్ట దోషాలలోనివి. ఎక్కడ కట్టాలో ఎంత విచారించారో, ఎక్కడ కట్టకూడదో కూడా అంతే విచారించారన్నమాట.

ఆ విచారం ఊరి అమరికలోనూ కనిపిస్తుంది. ఎగువన గుట్టలు, పసుల మేత. కట్ట దిగువన మాగాణి. మిట్టమీద ఇళ్లు. మరువ దూకిన నీరు వంకలో పడి దిగువ చెరువుకు చేరేది. నీటి పంపకానికి నీరుగంటి, చెరువు మరమ్మతుకు దశబంధం ఇనాం ఉండేవి. అది స్వర్ణయుగమని నేననను. ఊరి బావి ఊరందరికీ ఉమ్మడి కాలేదు. అంటరానివారిగా ఎంచినవారిని వెలుపలే నిలిపారు. అయినా నీటిదారిని మూయరాదన్న ఎరుక మాత్రం ఉండేది.

1800 నుండి 1807 వరకు దత్తమండలాలను పాలించిన థామస్ మన్రో ఇక్కడ రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. పొలం పొలానికీ కొలత, పన్ను వచ్చాయి. పట్టాకు విలువ పెరిగిన కొద్దీ పట్టా లేని నేల అందరిదన్న భావం తరిగి, ఎవరిదీ కాదన్న భావం పెరిగింది. మాట తిట్టుగా మారడానికీ మూలం ఇదేనని నా ఊహ.

మరోలా బ్రతికిన ఊరూ ఈ సీమలోనే ఉంది. నేటి శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఇళ్ల నడుమనున్న చింతచెట్లపై ఏటేటా కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. సైబీరియా కొంగలని పేరుపడినా ఇవి మనదేశపు పెయింటెడ్ స్టార్కులే. వాటి రాక శుభమని ఊరివారి నమ్మకం. కానీ చింతచెట్టు ఒక్కటే వాటికి చాలదు. చుట్టుపట్ల చెరువులలో నీరు, నీటిలో చేప ఉండాలి. ఊరి పోరంబోకు ఎండితే ఊరి చెట్టుమీద గూడూ ఉండదు.

నేటి వెంచర్లలో ఈ వరుస తలక్రిందులైంది. ముందు ప్లాట్ల గీతలు, పిదప రోడ్లు, చివరకు ఎందుకూ పనికిరాని మూల “పార్కు”. లే అవుట్ నిబంధనలు పదిశాతం ఉమ్మడి స్థలం అడుగుతాయి. ఆ పదిశాతం వంక పారే చోట ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు పొంగి నగర శివారు ఇళ్లలోకి నీరు చేరింది. కరవుసీమలో వరద! వంక తన పాత దారినే వచ్చింది. ఆ దారిలో ఇళ్లు లేచాయి. ఉత్తరప్రదేశ్‌లో చెరువు భూమిని ఇంటిస్థలాలుగా పంచిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2001లోనే అది చెల్లదని తీర్పు చెప్పింది.

అమెరికాలో రాండల్ ఆరెంట్ అనే ప్రణాళికావేత్త 1996లో ప్రకటించిన గ్రంథంలో ఇళ్ల స్థలాల విభజనకు నాలుగు మెట్లు చెప్పాడు: మొదట కాపాడవలసిన నేలను గుర్తించడం, తరువాత ఇళ్ల చోటు, ఆపైన బాటలు, చిట్టచివర ప్లాటు గీతలు. ఇది మనకు కొత్త విద్య కాదు. చెరువును బట్టి ఊరు కట్టినవారి వరుస ఇదే. అనంతపురం పొలిమేరలో రేపు వేయబోయే ప్రతి లే అవుట్‌లోనూ తొలిగీత వంకదై ఉండాలి. అప్పుడే పోరంబోకు అన్న మాటకు పోయిన పరువు తిరిగి దక్కుతుంది. సహృదయులు ఆలోచింతురు గాక.