సందేహం ఎవరి చేతి ఆయుధం?

చార్వాకుల నుంచి వేమన దాకా, వేమన నుంచి వీరేశలింగం దాకా మన అభ్యుదయ సంప్రదాయం ప్రశ్నతోనే బతికింది. అందువల్లనే కాబోలు, “భూమి వేడెక్కుతున్నదన్నది నిజమేనా? అందుకు బొగ్గూ చమురే కారణమా?” అని ఎవరైనా అడిగితే అదీ హేతువాదమేనని కొందరు సాహితీ మిత్రులు భావిస్తున్నారు. ఈ భావన సరికాదని నా అభిప్రాయం. సందేహానికీ చరిత్ర ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎవరికి ఉపయోగపడిందో చూడకుండా దాని విలువ కట్టలేం.

ఈ విజ్ఞానం నిన్న మొన్నటిది కాదు. బొగ్గుపులుసు వాయువు నింపిన గాజుపాత్ర ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ ప్రయోగం చేసి చూపింది. గాలిలో ఆ వాయువు రెట్టింపయితే భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కుతుందని 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్క కట్టాడు. దాన్ని 1900లో ఆంగ్‌స్ట్రామ్ ప్రయోగపూర్వకంగానే ఖండించాడు. వాతావరణపు పై పొరలను కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ ఖండన నిలవలేదు. నిజమైన సందేహం లక్షణం ఇదే. అది పరీక్షకు నిలబడుతుంది, ఓడితే తప్పుకుంటుంది. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలతలు ప్రారంభించేనాటికి గాలి పది లక్షల పాళ్లలో ఈ వాయువు సుమారు 315 పాళ్లు. నేడది 420 దాటింది.

రెండో రకం సందేహం ప్రయోగశాలలో పుట్టలేదు. సందేహమే తాము అమ్మవలసిన సరుకని 1969లో ఒక అమెరికన్ పొగాకు కంపెనీ తన అంతరంగిక పత్రంలో రాసుకున్నది. ఆ సరుకునే తర్వాత చమురు వ్యాపారం అరువు తెచ్చుకున్నది. 1977లో ఎక్సాన్ యాజమాన్యానికి ఆ సంస్థ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాకే ఈ ప్రమాదాన్ని వివరించాడు. అయినా 1989లో చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’ పేరిట కూటమి కట్టి, 2002లో అది మూతపడే దాకా శాస్త్రం ఇంకా తేలలేదనే ప్రచారం చేశాయి. లోపల తెలుసు, బయట తెలియదు! దీన్ని హేతువాదమనడం హేతువాదాన్ని అవమానించడమే.

అయితే మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని ఈ గాటన కట్టరాదు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వేసిన ప్రశ్న అది: ధనిక దేశాల విలాసపు పొగనూ, పేద రైతు వరిమడి నుంచి వచ్చే వాయువునూ ఒకే త్రాసులో తూచవచ్చునా? ఇది శాస్త్రం మీద సందేహం కాదు, న్యాయం గురించిన ప్రశ్న.

ఆ ప్రశ్న మన సింగరేణి ముందు కూడా ఉన్నది. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు బయటపడింది. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు వాడకం తగ్గిస్తే కార్మికుని పొట్ట కొట్టినట్లేనని ఇప్పుడు కొందరు వాపోతున్నారు. 1990 దశకం తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40,000. ఆ ఉద్యోగాలను సూర్యరశ్మి మింగలేదు. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, పర్మినెంటు కార్మికుని స్థానంలో కాంట్రాక్టు కూలీ వచ్చాడు. నాడు రాని కన్నీళ్లు నేడెందుకు వస్తున్నాయి?

అంతమాత్రాన, సౌరఫలకం వచ్చినంతనే న్యాయం జరుగుతుందని నేననను. 2023 దుబాయి సమావేశంలో ప్రపంచ దేశాలు శిలాజ ఇంధనాల నుంచి వైదొలగాలని మొదటిసారి ఒప్పుకున్నాయి. ఆ వైదొలగే భారం ఎవరి భుజాన పడుతుందన్నది ఇంకా తేలలేదు. మన కథకులు బొగ్గుబాయి లోపలి చీకటిని రాశారు. బాయి మూతపడిన మర్నాడు ఆ కార్మికవాడలో ఏం జరుగుతుందో కూడా రాయాలి. సందేహించవలసింది అక్కడ. ఉష్ణమాపకాన్ని కాదు, ఒప్పందాలను సందేహించాలి.